తారాస్ అని మూడోసారి అన్నవాడు

మా మరిది లామిస్కోస్ గొంతుకు వంక పెట్టగలిగినవాళ్ళు మా గ్రీకు ఊరు నేపోలిస్‌లో ఎవరూ లేరు. నేనూ పెట్టను. పందేల మైదానంలో ఈ చివర నిలబడి వాడు ఒక పేరు పిలిస్తే, ఆ చివర వేయించిన శనగలమ్ముకునే ముసలమ్మ ఉలిక్కిపడి గంప కింద పెట్టేసేది. దేవుడు వాడికి ఆ గొంతు ఇచ్చి, ఇక చాల్లే అనుకుని, మిగతావి ఇవ్వడం మానేశాడు. ముప్పై ఏళ్ళు వాడికి వండిపెట్టాను, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. మా అత్తగారు అప్పటికే పోయింది. ఇంట్లో ఉన్నది మా మావయ్య జోపురోస్, ఆయన పెద్దకొడుకైన మా ఆయన అర్కిదాస్, ఈ గొంతుగాడు. మావయ్య సొంతూరు తారాస్. సముద్రపు నత్తల్ని పగలగొట్టి, కుళ్ళబెట్టి, కాచి ఊదారంగు తీసే పని వాళ్ళది. ఆయన తాతల నాటి అద్దకం కుండలున్న జాగాని రోమన్లు తమ పాతసైనికుడెవడికో రాసిచ్చేస్తే, పెళ్ళాంతో ఈ ఊరొచ్చి ఆ పనే మొదలుపెట్టాడు. మోచేతుల దాకా ఊదారంగు. ఎంత తోమినా పోయేది కాదు, వాసన అసలే పోయేది కాదు.

ఆ వాసనే మావాడి కొంప ముంచింది. వ్యాయామశాలలో తోటి పిల్లలు వాణ్ణి నత్తగుల్ల అని పిలిచేవాళ్ళు, వాడు నూనె రాసుకుంటుంటే ముక్కులు మూసుకుని పక్కకు జరిగేవాళ్ళు. ఇంటికొచ్చి బావి దగ్గర ఇసకతో ఒళ్ళు రుద్దుకుని ఏడ్చేవాడు. పాపం అనిపించేది. ఓ పదేళ్ళపాటు పాపం, పాపం అనుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత నా జాలి అయిపోయింది.

పదహారో ఏట అఖాతం ఒడ్డున ఓ రోమన్ పెద్దమనిషి తోటబంగళాలో పనికి కుదిరాడు. భోజనాలకి వచ్చే అతిథుల పేర్లు గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పడం ఆ పని. నెల తిరక్కముందే ఇంట్లో వాడి మాట మారిపోయింది.

"వదినా, టారెంటమ్ నుంచి ఉన్ని దిగింది, చూశావా?"

మావయ్య గిన్నెలోంచి తల ఎత్తాడు. "ఎక్కణ్ణుంచిరా?"

"టారెంటమ్ నుంచి."

"అదెక్కడుంది?"

"నువ్వు పుట్టినచోటే ఉంది నాన్నా."

"నేను పుట్టింది తారాస్‌లో. నువ్వు చెప్పే ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు," అని ముసలాయన మళ్ళీ బార్లీ జావలో తల పెట్టాడు. మా ఆయన పొలమారేదాకా నవ్వాడు. లామిస్కోస్ మాత్రం నవ్వలేదు, కంచం వదిలేసి లేచిపోయాడు.

ఈ పేర్ల సంగతి ఒక్కసారి చెప్పేస్తాను. ఈ తీరంలో ఊళ్ళు కట్టింది మావాళ్ళు, గ్రీకులు. పేర్లు పెట్టింది మావాళ్ళు. రోమన్లు వచ్చి, ఊళ్ళతోపాటు పేర్లు కూడా పట్టుకుపోయారు, పొరుగింటి గిన్నె పట్టుకెళ్ళి దానిమీద తమ పేరు చెక్కించుకున్నట్టు. తారాస్ టారెంటమ్ అయింది. అక్రగాస్ అగ్రిగెంటమ్ అయింది. మస్సలియా మస్సీలియా అయింది. వాళ్ళ నోరు వాళ్ళిష్టం, వాళ్ళను నేనేమీ అనను. మనింట్లో పుట్టినవాడు మన గిన్నెని మనకే వాళ్ళ పేరుతో చూపిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

తమాషా ఏమిటంటే, రోమన్లు మా నేపోలిస్ పేరు ముట్టుకోలేదు. ఎలా ఉన్నది అలాగే ఉంచారు. లామిస్కోస్‌కి అదో పెద్ద బాధ. అన్ని ఊళ్ళకీ గొప్ప పేర్లొచ్చాయి, మన ఊరికి మాత్రం ఏమీ రాలేదని నిజంగానే దిగులుపడేవాడు. ఒకరోజు అద్దం ముందు నిలబడి నేపోలిస్ అన్న మాటని రోమన్ యాసలో సాగదీసి సాగదీసి పలుకుతుంటే చూశాను. పళ్ళు నొప్పిపుడుతున్నాయేమో అనుకుని వేడి ఉప్పునీళ్ళు ఇవ్వబోయాను.

మా ఆయన నలభై ఏళ్ళకే జ్వరంతో పోయాడు. మావయ్యకి చూపు పోయింది. అప్పట్నుంచి ఇల్లు నా మీద పడింది. మైదానంలో గెలిచినవాళ్ళకి పెట్టే గోధుమ వెన్నుల కిరీటాలు అల్లే పని మా పుట్టింటివాళ్ళది, అది నాకొచ్చింది. లామిస్కోస్ వార్తాహరుల పోటీలో నెగ్గి పందేల్లో పేర్లు పిలిచే పని సంపాదించాడు. నాలుగేళ్ళకోసారి జరిగే పందేల్లో ఆ పనికి ఉన్నంత మర్యాద ఈ ఊళ్ళో ఇంకే పనికీ లేదు. గెలిచినవాడి పేరు, వాడి తండ్రి పేరు, వాడి ఊరి పేరు, ఈ మూడూ వార్తాహరుడు పిలవాలి. పిలుపు వినగానే గెలిచినవాడు వచ్చి, నా బల్ల దగ్గర తలవంచాలి. రాకపోతే మళ్ళీ పిలుస్తారు. మూడుసార్లు పిలిచినా రాకపోతే కిరీటం పంటల దేవత దిమిత్రా బలిపీఠం మీద పెట్టేస్తారు. ఆ గెలుపు ఇక ఎవరిదీ కాదు.

మావాడికి ఈ పని వచ్చిన రోజున మావయ్య నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అమ్మాయ్, మా ఊరివాడెవడైనా నెగ్గితే, వాడి గొంతుతో మా ఊరి పేరు పిలుస్తాడు కదా?"

"పిలవక ఏం చేస్తాడు మావయ్యా?"

"ఒక్కసారి వింటే చాలమ్మా. నేను వదిలేసి వచ్చిన ఊరిని నా కొడుకు పదివేల మందిలో పేరుపెట్టి పిలవాలి. ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఫరవాలేదు."

ఆయన బతికున్నది ఆ ఒక్క కోరికతోనే. పందేలు రెండు దఫాలు అయిపోయాయి, తారాస్ వాళ్ళెవరూ నెగ్గలేదు. ముసలాయన ప్రతిసారీ వచ్చి నా బల్ల పక్కన చిన్న పీట మీద కూచునేవాడు, సాయంత్రం నా భుజం పట్టుకుని ఇంటికొచ్చేవాడు.

మూడో దఫాకి ముందు లామిస్కోస్‌కి పిచ్చి ముదిరింది. ఆ ఏడు పందేలకి పెద్దమనిషిగా కూచునేది టుర్పీలియస్ అనే రోమన్ అని తెలిసింది. నీ గొంతు బాగుంటే రోమ్ పౌరసత్వం ఇప్పించే సంగతి ఆలోచిద్దామని ఆయన విందులో ఒక మాట అన్నాడట. తాగినవాడి మాట. దాన్ని పట్టుకుని మావాడు రోమ్ పౌరులు ఒంటికి చుట్టుకునే తెల్లటి టోగా ఒకటి నేయించుకుని, పెట్టెలో వాసన ఆకులు వేసి దాచుకున్నాడు. లూకియస్ అని కొత్త పేరు కూడా ఎంచిపెట్టుకున్నాడు. గదిలో తలుపేసుకుని ఆ గుడ్డ చుట్టుకోవడం నేర్చుకునేవాడు. ఒకసారి కొంగు కాలికింద పడి దబ్బున పడ్డ చప్పుడైతే నేను లోపలికి తొంగిచూశాను.

"ఎవరా పడింది, నువ్వా, లూకియస్సా?"

"నవ్వు వదినా, నవ్వు. రేపు నన్ను చూసి నువ్వే లేచి నిలబడతావు."

"అదేదో నువ్వు ముందు నిలబడు, చూద్దాం. ఒరే లామిస్కా, ఒక్క మాట చెప్తాను విను. ఈసారి తారాస్ నుంచి ముష్టియుద్ధానికి ఒకడొచ్చాడు. గట్టివాడంటున్నారు. వాడు నెగ్గితే మీ నాన్న వినాలనుకున్నది వినిపించు. మిగిలిన ఊళ్ళని నీకేం తోస్తే అలా పిలుచుకో."

"టుర్పీలియస్ గారి ఎదుట పాత పేర్లు పిలిస్తే మోటుగా ఉంటుంది వదినా. ఇప్పుడు లోకం మొత్తం టారెంటమ్ అనే అంటోంది. నాన్న ముసలాడు, ఆయనకి తెలీదు. నువ్వైనా అర్థం చేసుకోవాలి."

"నాకు బాగానే అర్థమైంది," అని తలుపు వేసేశాను.

పందేల చివరి రోజున ముష్టియుద్ధం. తారాస్ వాడి పేరు ఫిలోనిదాస్. నలభైకి దగ్గరున్న మనిషి, ఊళ్ళో అద్దకం పనే. కుర్రాళ్ళ మధ్య వాణ్ణి చూసి మావాళ్ళు నవ్వారు. సాయంత్రానికి ముగ్గుర్ని పడగొట్టాడు. ముక్కు చితికింది, ఒక కన్ను మూసుకుపోయింది, రెండు పళ్ళు ఇసకలో ఊసేసి చెయ్యి పైకెత్తాడు. తారాస్ నుంచి పడవ కట్టుకుని వచ్చిన ఓ యాభై మంది గోలగోల చేశారు.

"ఎవరమ్మా? ఎవరు నెగ్గారు?" అని మావయ్య నా కొంగు లాగాడు.

"మీ ఊరివాడే."

ముసలాయన పీట మీంచి లేచి నిలబడ్డాడు. చెవి మైదానం వైపు తిప్పాడు. నేను అన్నిటికంటే నిండుగా వచ్చిన వెన్నుల కిరీటం తీసి బల్లమీద ముందు పెట్టాను. లామిస్కోస్ మైదానం మధ్యకి వచ్చాడు. ఒక్కసారి టుర్పీలియస్ వైపు చూసి, మెడ నిక్కించి పిలిచాడు.

"ఫిలోనిదాస్, అరిస్టిప్పోస్ కొడుకు, టారెంటమ్."

ఫిలోనిదాస్ కదల్లేదు. చేతికి చుట్టిన తోలుపట్టీలు తీరిగ్గా విప్పుకుంటున్నాడు. జనం గుసగుసలాడారు. చెవుల్లోకి రక్తం పోయి వినపడలేదేమో అనుకుని న్యాయనిర్ణేత ఒకాయన దగ్గరికెళ్ళి భుజం తట్టాడు.

"నిన్నే నాయనా. వెళ్ళు."

"నన్ను కాదు," అన్నాడు ఫిలోనిదాస్. నోట్లో రక్తంతో మాట ముద్దగా వచ్చింది గానీ అందరికీ వినపడింది. "ఆయన చెప్పిన ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు."

నా పక్కన మావయ్య అడిగాడు, "అమ్మాయ్, వాడు ఎవర్ని పిలుస్తున్నాడు? మా ఊరివాడే నెగ్గాడన్నావు కదా."

"ఉండండి మావయ్యా. ఇంకా పిలవలేదు."

న్యాయనిర్ణేత లామిస్కోస్ చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పుంటాడో ఎవరికైనా తెలుస్తుంది. మావాడు తల అడ్డంగా ఊపాడు. రెండోసారి, ముందుకంటే గట్టిగా, టారెంటమ్ అనే పిలిచాడు. తారాస్ వాళ్ళలో కొందరు లేచి మెట్లు దిగిపోవడం మొదలుపెట్టారు. ఫిలోనిదాస్ అక్కడే ఇసకలో కూచున్నాడు. ఇంకొక్క పిలుపు మిగిలింది. ఇరవై ఏళ్ళు దెబ్బలు తిన్న మనిషి చేతికొచ్చిన కిరీటం వదులుకోవడానికి సిద్ధంగా కూచున్నాడు, తనకి అన్నం పెట్టే ఊరి పేరు కోసం. నా మరిదికి రెండు పూటలా అన్నం పెట్టిన మావయ్య చేతులు కూడా ఆ ఊరివే. బల్ల పట్టుకుని నిలబడ్డాను గానీ, చేతిలో ఏదైనా బరువైంది ఉంటే వాడి మీదికి విసిరేసేదాన్ని.

అప్పుడు టుర్పీలియస్ విసుక్కున్నాడు. ఆయన ఆ రోజు టోగా కట్టుకోలేదు. మావాళ్ళలా గ్రీకు పైబట్ట కప్పుకుని, గ్రీకు చెప్పులేసుకుని, గ్రీకులోనే మాట్లాడుతూ కూచున్నాడు. ఎండాకాలానికి ఇక్కడికి దిగే రోమన్లందరూ అంతే, వాళ్ళకి ఈ వేషం సరదా. పక్కనున్నవాడితో అన్న మాట ముందు వరసలన్నిటికీ వినిపించింది.

"టారెంటమ్ అనే మాట మా ఇంట్లో ఉన్ని కొనే గుమాస్తా నోట రోజూ వింటున్నాను. ఇంత దూరం వచ్చింది అది వినడానికా? ఈ ఊళ్ళో గ్రీకు వచ్చినవాడు ఒక్కడూ లేడా?"

లామిస్కోస్ ముఖం నేను చూశాను. ఇంకెవరు చూశారో తెలీదు. ముందు తెల్లబోయింది, తర్వాత ఏదో లెక్క వేసుకుంది, తర్వాత నవ్వింది. వాడు తండ్రి వైపు చూడలేదు. ఫిలోనిదాస్ వైపూ చూడలేదు. టుర్పీలియస్‌కి వంగి దణ్ణం పెట్టి, ఊపిరి నిండా పీల్చుకుని మూడోసారి పిలిచాడు.

"ఫిలోనిదాస్, అరిస్టిప్పోస్ కొడుకు, తారాస్."

అంత గొప్పగా ఆ పేరుని ఎవరూ పలికి ఉండరు. మెట్లు దిగుతున్నవాళ్ళు ఆగిపోయారు. మా మావయ్య నోరు తెరిచి, ముఖం పైకెత్తి, అలాగే నిలబడిపోయాడు. చూపు లేని కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"విన్నావా అమ్మాయ్? అన్నాడు. నా కోసమే అన్నాడు."

"విన్నాను మావయ్యా."

"చిన్నప్పుడు ఎంత మొండికేసేవాడో. చివరికి నా మాట నిలబెట్టాడు."

తండ్రి కోసం పిలిచాడన్న ఆ అబద్ధం పుట్టించింది లామిస్కోస్, దాన్ని మోసింది నేను. ఇప్పటికీ మోస్తున్నాను.

ఫిలోనిదాస్ లేచి నా బల్ల దగ్గరికొచ్చి తల వంచాడు. మావయ్య గాలి పీల్చి, "మా ఊరి వాసనొస్తోంది," అన్నాడు. ఫిలోనిదాస్ ఆ ముసలి చేతులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. రెండు జతలదీ ఒకే రంగు.

"ఏ ఊరు తాతా?"

"తారాస్. ఇప్పుడు పిలిచినవాడు నా కొడుకే బాబూ."

ఫిలోనిదాస్ నా ముఖంలోకి చూశాడు. నేను కిరీటంలోంచి రాలిన గడ్డిపరకలు ఏరుకుంటూ తల దించుకున్నాను. ఆ మనిషి మంచివాడు. "మీ అబ్బాయి బాగా పిలిచాడు తాతా," అని మాత్రం అని, వెళ్ళిపోయాడు.

ఆ శీతాకాలంలోనే మావయ్య పోయాడు. నెమ్మదిగా, ముఖంలో తృప్తితో పోయాడు. చివరి వారమంతా ఇంటికొచ్చిన ప్రతివాడికీ కొడుకు పిలుపు కథే చెప్పాడు. లామిస్కోస్ అక్కడే కూచుని, ఆ కథలో తను నిజంగా ఉన్నట్టే, తలాడించాడు. ఊరవతల రోడ్డు పక్కన ఆయనకి రాయి నిలబెట్టాం. మీద రెండే మాటలు చెక్కించాను, జోపురోస్, తారాస్ వాడు, అని.

పౌరసత్వం సంగతి అడుగుతారేమో. టుర్పీలియస్ దాన్ని తనకి చేపలు బాగా వండిపెట్టే వంటవాడికి ఇప్పించాడు. మావాడి పేరు కూడా ఆయనకి గుర్తులేదట. ఇంకొకడైతే ఆ దెబ్బకి సిగ్గుపడి ఇంట్లో కూచునేవాడు. లామిస్కోస్‌కి సిగ్గుపడటం రాదు, ఆ రోజు మైదానంలో వాడు నేర్చుకున్నది వేరే. రోమన్లకి ఏది రుచో తెలుసుకున్నాడు. టోగా అమ్మేశాడు. గడ్డం పెంచాడు. పాతకాలపు పైబట్ట ఒకటి కప్పుకుని, చేతికర్ర పట్టుకుని, రేవులో గది తీసుకుని, ఎండాకాలం దిగే రోమన్లకి ఊరు చూపించే పనిలో పడ్డాడు. ఇప్పుడు వాడి నోట అన్నీ పాత పేర్లే. అక్రగాస్, మస్సలియా, తారాస్. సంతలో ఎవడైనా పొరపాటున టారెంటమ్ అంటే ఆపి, అరగంట ఉపన్యాసమిచ్చి సరిదిద్దుతాడు. మా వీధి పిల్లలు వాణ్ణి చూసి పెద్దవాడనుకుని దారి ఇస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా నా వంటింట్లో నా మాటల్ని మోటు మాటలన్నవాడు ఇతనేనని నేను చెప్పినా నమ్మరు. అందుకని చెప్పను. వాడితో మాట్లాడటం కూడా మానేశాను.

మొన్న మావయ్య తిథికి ఎప్పటిలాగే గోధుమ వెన్నుల దండ, తేనె కలిపిన బార్లీ పట్టుకుని సమాధి దగ్గరికెళ్ళాను. రాయి తుడుస్తుంటే రోడ్డు మీంచి ఆ గొంతు వినిపించింది. వెంట నూనె వ్యాపారిలా ఉన్న లావాటి రోమన్ ఒకడు, వాడి పెళ్ళాం. ఇద్దరూ గ్రీకు బట్టలు కట్టుకున్నారు గానీ గ్రీకు ఒక్క ముక్క రాదు. మావాడు ఒక్కో రాయి దగ్గరా ఆగి చదివి, వాళ్ళ భాషలోకి తిప్పి చెబుతున్నాడు. ఇన్నేళ్ళు పందేల మైదానం చుట్టూ తిరిగాను, ఆ మాత్రం లాటిన్ నాకు తెలుస్తుంది.

నన్ను చూశాడు. చూసి ఆగలేదు, మా రాయి ముందుకే వచ్చాడు. కర్ర ఎత్తి, ఆ రోజు పిలిచినట్టే చదివాడు. "జోపురోస్, తారాస్ వాడు." రోమన్ ఆడది ఒళ్ళు జలదరించినట్టు భుజాలు పట్టుకుంది.

"ఎంత బాగుందో. ఎవరీయన?" అంది.

"ఎవరో అమ్మగారూ. పాతకాలం అద్దకం పనివాడు. అలాంటి మనుషులు ఇప్పుడు లేరు."

"ఈమెవరు?"

"ఆయన తాలూకు మనిషై ఉంటుంది."

"పిల్లలు లేరా ఆయనకి, ఈవిడ వచ్చింది? అడుగు."

లామిస్కోస్ నావైపు తిరిగాడు. గడ్డం నున్నగా దువ్వి ఉంది. కళ్ళు నా కళ్ళలోకి కాకుండా నా చేతిలో దండ మీద పెట్టాడు.

"అమ్మా, ఈయనకి పిల్లలెవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు," అన్నాడు.

ముప్పై ఏళ్ళు వదినా అన్న నోటితో అమ్మా అన్నాడు, దారిన పోయే ముసలిదాన్ని అడిగినట్టు. నేను దండ రాయికి వేసి, చేతులు దులుపుకుని, నిలబడి జవాబు చెప్పాను.

"ఇద్దరు కొడుకులు. ఇద్దరూ పోయారు."

నేనేమన్నానో చెప్పమని రోమన్ ఆడది తొందరపెట్టింది. వాడు వాళ్ళవైపు తిరిగి, గొంతు సవరించుకుని, లాటిన్‌లో చెప్పాడు. ఇద్దరు కొడుకులట, ఇద్దరూ పోయారట. ఒక్క మాట మార్చలేదు. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు.